ఒకసారి ఊది పెట్టు, వస్తది

తొంభైల చివర్లో నల్గొండలో పెరిగిన పిల్లలకు వీడియో గేమ్ అంటే ఒకటే. తెల్లగానో బూడిద రంగులోనో ఉండే ప్లాస్టిక్ డబ్బా, దానికి వైర్లతో అతుక్కుని రెండు రిమోట్‌లు, ఒక గన్, పైన గుచ్చే పసుపుపచ్చ క్యాసెట్. టీవీకి తగిలించి స్విచ్ వేస్తే ఆట మొదలు. డబ్బా మీద ఒక పేరు ఉండేది, లోపలి కాగితం మీద ఇంకో పేరు ఉండేది. ప్రకాశం బజార్లో అందరూ దాన్ని వీడియో గేమ్ అనే అడిగేవాళ్లు, దుకాణదారు అదే తీసి ఇచ్చేవాడు.

ఆ డబ్బాలను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తారు. డూప్లికేట్ మాల్ అంటారు, చైనా మాల్ అంటారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అసలు కంపెనీ, అంటే జపాన్ వాళ్ల నింటెండో, చేసిన మిషన్ మా బజారులో నేను ఎన్నడూ చూడలేదు. వచ్చింది ఇదే. నాకు, మా అక్కకు, మా రామగిరి గల్లీలో పిల్లలందరికీ చేతికి తగిలిన మొదటి కంప్యూటర్ ఇదే. స్కూల్లో కంప్యూటర్ గది అని ఒకటి ఉండేది గానీ, అందులో చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, గుడ్డ కప్పిన మానిటర్‌ను దూరం నుంచి చూసి రావడమే మా వంతు.

మాది గుర్రంపోడు వైపు ఊరు. నాయినకు బత్తాయి తోట ఉండేది. మా చదువుల కోసం అమ్మ, అక్క, నేను నల్గొండలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాయిన తోటకూ ఇంటికీ మధ్య తిరుగుతూ ఉండేవాడు. మామూలుగా కాయ చెట్టు మీద ఉండగానే తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చేసేవాడు. ఆ ఏడు బేరం కుదరలేదు. తనే కాయ తెంపించి, లారీ మాట్లాడుకుని హైదరాబాద్‌లో కొత్తపేట పండ్ల మార్కెట్‌కు పోయాడు. రేటు మంచిగానే పలికింది. తిరిగి వచ్చేటప్పుడు కోఠిలో దిగి గుజరాతీ గల్లీకి పోయాడట. అమ్మకు మిక్సీ జార్, అక్కకు వాచీ, చంకలో ఒక పెద్ద అట్టపెట్టె.

"ఏంది నాయినా గిది?"

"టీవీకి పెట్టుకునే ఆటంట బిడ్డా. దుకాణపాయన ఆడిచ్చి చూపిచ్చిండు. ఇద్దరు కొట్లాడకుండ ఆడుకోండ్రి."

ధర ఎంతని అమ్మ అడిగితే నాయిన నవ్వి ఊరుకున్నాడు. అట్టపెట్టె అడుగున నీలం పెన్నుతో ఆరు వందల యాభై అని రాసి ఉంది. అప్పట్లో అది తక్కువ డబ్బేమీ కాదు. కానీ ఒక రైతు, కాపు బాగా వచ్చిన ఏడు, దసరాకు పిల్లల కోసం ఖర్చు పెట్టగలిగిన డబ్బు. ఇంకో వెయ్యి ఎక్కువైతే ఆ పెట్టె మా ఇంటి గడప తొక్కేది కాదు.

మా ఇంట్లో టీవీ బ్లాక్ అండ్ వైట్. ఈసీఐఎల్ వాళ్లు చేసిన పాత ఈసీ టీవీ, మా మేనమామ కలర్ టీవీ కొనుక్కుని మాకు ఇచ్చింది. యాంటెనా వైరు పీకి గేమ్ వైరు గుచ్చాలి. గేమ్ ఆన్ చేసి, ఛానల్ నాబ్ చుట్టూ ఉండే సన్నటి చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ ఉండాలి. చుక్కలు, గుర్రుమనే శబ్దం, అడ్డంగా పరిగెత్తే గీతలు. కాసేపటికి ఆ గీతల వెనక నుంచి సంగీతం వినిపించేది. అక్కడ ఆపి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పితే బొమ్మ కుదిరేది. ఆ చక్రం తిప్పే పని అక్కది. నాకు చేయి నిలిచేది కాదు, ఆమెకు నిలిచేది.

రంగులు లేని తెర మీద ఆడటంలో మాకు ఒక పెద్ద చిక్కు వచ్చింది. కాంట్రా ఇద్దరు కలిసి ఆడే ఆట. ఒకడు నీలం ప్యాంటు, ఇంకొకడు ఎర్ర ప్యాంటు. మా టీవీలో ఇద్దరిదీ ఒకే బూడిద రంగు. ఎవరు ఎవరో తెలియక, అక్క మనిషి చస్తే నేను అరిచేవాణ్ని. అక్క దానికి ఒక పద్ధతి పెట్టింది. ఆట మొదలవగానే నేను ఒక్కసారి ఎగరాలి, ఆమె కదలకుండా నిలబడాలి. ఎగిరినవాణ్ని నేను కళ్లతో పట్టుకోవాలి. తర్వాత చూపు తిప్పకూడదు. అలా ఆడీ ఆడీ మా ఇద్దరికీ తెర మీద ఎక్కడ చూడాలో బాగా అలవాటైపోయింది.

మారియో అనే ఇంకో ఆటలో అక్క ఇంకో సంగతి కనిపెట్టింది. ఒకరోజు సాయంత్రం, పైన మబ్బు, కింద పొద ఒకే తెరలో ఉన్నప్పుడు పాజ్ నొక్కి, టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించింది. "చూడు తమ్మీ, రెండూ ఒకటే. పైన పెడితే మబ్బు, కింద పెడితే చెట్టు." నేను నమ్మలేదు. ఇంటి ఓనర్ వాళ్లకు కలర్ టీవీ ఉండేది. ఓనర్ ఆంటీని బతిమాలి, గేమ్ పట్టుకెళ్లి అక్కడ తగిలించాం. ఆకాశం నీలం, పొద ఆకుపచ్చ, మబ్బు తెలుపు. ఇల్లంతా నోరు తెరుచుకుని చూస్తుంటే, అక్క మాత్రం అంచు వంపులు లెక్క పెట్టి "నేను చెప్పలే?" అంది. ఆమె చెప్పింది నిజమే. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు పొద్దున్నే ఫోన్‌కు వచ్చే ఒక్క గుడ్ మార్నింగ్ ఫొటో దానికంటే పెద్దది. అంత చిన్న చోటులో ఎనిమిది లోకాలు ఇమడ్చాలంటే ఒక బొమ్మను రెండు చోట్ల రెండు రంగుల్లో వాడుకోవాల్సిందే. 1985లో జపాన్‌లో కూర్చుని ఆ ఆట చేసినవాళ్ల పొదుపును, రంగు కనిపించని టీవీలో చూసింది కాబట్టే మా అక్క పట్టుకోగలిగింది. రంగు ఉండి ఉంటే నాలాగే ఆమెనూ రంగు ఏమార్చేది.

గన్ మాత్రం మా టీవీలో బ్రహ్మాండంగా పనిచేసేది. బాతులను కొట్టే డక్ హంట్ ఆట. గన్ నుంచి ఏదో కాంతి టీవీలోకి పోతుందని గల్లీలో అందరూ అనుకునేవాళ్లు. జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఒక్క క్షణం తెర మొత్తం నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం వస్తుంది. కన్ను సరిగ్గా పట్టుకోలేనంత తక్కువ సేపు. గన్ గొట్టం లోపల కాంతిని గుర్తుపట్టే చిన్న భాగం ఉంటుంది. నలుపు తర్వాత తెలుపు కనిపిస్తే బాతు పడ్డట్టు, లేకపోతే తప్పినట్టు. దానికి కావాల్సింది నలుపూ తెలుపే కాబట్టి కలర్ టీవీ ఉన్నవాళ్లకంటే మేమేమీ వెనకబడలేదు.

గురి తప్పినప్పుడు గడ్డిలోంచి ఒక కుక్క లేచి నవ్వుతుంది. మా అమ్మకు ఆ కుక్క అంటే ఒళ్లు మంట. "అది ఎందుకు నవ్వుతది? పిల్లగాడు కష్టపడి కొట్టవట్టె" అని వంటింట్లోంచి వచ్చి, గన్ తీసుకుని కుక్కను కొట్టబోయేది. అది చావదని చెప్తే ఒప్పుకునేది కాదు. ఊరి నుంచి నాయినమ్మ వచ్చినప్పుడు మంచం మీద కూర్చుని చూసి "నీళ్లకాడి పిట్టలు గద బిడ్డా, వాటినెందుకు కొడ్తుండ్రు" అని బాధపడింది. ఆమె ఉన్నన్ని రోజులు మేం ఆ ఆట పెట్టలేదు.

సద్దుల బతుకమ్మ రోజు రాత్రి గల్లీ ఆడవాళ్లు బతుకమ్మలను నీళ్లలో వదిలి, తాంబూలాలు పట్టుకుని తిరిగి వచ్చి మా ముందు గదిలో కూర్చున్నారు. పట్టుచీరల్లోనే. ఒక్కొక్కరికి ఒక లైఫ్ అని అక్క నియమం పెట్టింది. రిమోట్ చేతికి ఇవ్వగానే ఎగరాల్సినప్పుడు మనిషితో పాటు చేతులు కూడా పైకి ఎత్తేవాళ్లు. ఓనర్ ఆంటీ మొదటి గుంతలోనే పడి "ఇంకొక్కసారి" అని అడిగిన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. సత్తుపిండి తింటూ, వంతులు వేసుకుంటూ చాలా పొద్దుపోయేదాకా ఆడారు. అంతకుముందు వాళ్లలో ఒక్కరూ ఇలాంటి వస్తువును ముట్టుకుని ఉండరు.

నేను ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన మాట ఇదే. గడియారం సెంటర్ దగ్గర గంట లెక్కన వీడియో గేమ్ ఆడించే షాపులు ఉండేవి. లోపల చీకటి, బల్లల మీద టీవీలు, వెనక నిలబడి సలహాలు ఇచ్చే పెద్ద పోరగాళ్లు. అక్కడ ఒక్క ఆడపిల్లను కూడా నేను చూడలేదు. ఏ తల్లీ పంపేది కాదు. ఆ ఆట అక్కడే ఆగిపోయి ఉంటే మా అక్క దాన్ని ముట్టేది కాదు. ఇంటికి తెచ్చుకోగలిగే ధర అయింది కాబట్టి, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవచ్చు కాబట్టి, ఆమె చేతికి వచ్చింది. అందరికంటే బాగా ఆడింది కూడా ఆమే. గల్లీ పిల్లలు ఏదైనా స్టేజ్ దగ్గర ఆగిపోతే "అక్కను పిలువుర్రి" అనేవాళ్లు. ఆమె పప్పు రుబ్బుతూ ఉన్నా చేతులు కడుక్కుని వచ్చి, ఆ ఒక్క చోటు దాటించి వెళ్లిపోయేది.

క్యాసెట్ల సంగతి వేరే లోకం. మా పసుపు క్యాసెట్ మీద తొమ్మిదులు వరసగా పేర్చి, అన్ని ఆటలు ఇందులో ఉన్నాయని రాసి ఉండేది. తెర మీద జాబితా కిందికి జరుపుతూ పోతే అంతులేకుండా పేర్లు వచ్చేవి. అక్క లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకుని, ఒక్కో నంబరు తెరిచి చూసి, కొత్తదైతే ఎడమ పక్క, ముందే చూసిందైతే కుడి పక్క రాసుకుంటూ పోయింది. ఎడమ పక్క అర పేజీ కూడా నిండలేదు. అవే ఆటలు వేరే పేర్లతో తిరిగి తిరిగి వస్తున్నాయి. కొన్ని చోట్ల మాత్రం అదే ఆట నేరుగా మూడో స్టేజ్ నుంచి మొదలయ్యేది, కొన్ని చోట్ల మనిషికి ముందే పెద్ద తుపాకీ ఉండేది. అక్క వాటికి పక్కన చుక్క పెట్టుకుంది. కష్టమైన స్టేజ్ ప్రాక్టీస్ చేయాలంటే ఏ నంబరు తెరవాలో ఆ నోట్‌బుక్ చూస్తే తెలిసిపోయేది. గల్లీలో దానికి గొప్ప గిరాకీ.

క్యాసెట్లు చేతులు మారుతూ ఉండేవి. స్కూల్ బ్యాగులో, టిఫిన్ బాక్సు కింద, తువ్వాల్లో చుట్టి. ఇచ్చేవాడు ఇంటికి వచ్చి, తన క్యాసెట్ మన డబ్బాలో పనిచేస్తోందో లేదో చూసి మరీ వెళ్లేవాడు. పనిచేయకపోతే అందరి నోటా ఒకటే మాట: "ఒకసారి ఊది పెట్టు, వస్తది." క్యాసెట్ అడుగున ఇత్తడి రంగు పిన్నుల మీద గట్టిగా ఊది, మళ్లీ గుచ్చితే చాలాసార్లు వచ్చేసేది. నిజానికి ఊదడం వల్ల ఒరిగేది ఏమీ లేదు, నోటి తడికి ఆ పిన్నులు మెల్లగా పాడవుతాయి కూడా. తీసి మళ్లీ గుచ్చినప్పుడు పిన్నులు కొత్తగా ఆనుకుంటాయి, పని చేసేది అది. జపాన్, అమెరికా పిల్లలు కూడా ఇలాగే ఊదేవాళ్లట. వాళ్లకు మేం చెప్పలేదు, మాకు వాళ్లు చెప్పలేదు.

కాంట్రాలో ముప్పై లైఫులు వచ్చే మంత్రం కూడా అలాగే ఎక్కడి నుంచో వచ్చింది. మాకు తెచ్చింది మిర్యాలగూడ నుంచి వచ్చిన మా చిన్నమ్మ కొడుకు. వాడికి వాళ్ల స్కూల్లో ఎవరో చెప్పారట, వాళ్లకు హైదరాబాద్‌లో ఎవరో. మీద మీద, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ, స్టార్ట్. ఇద్దరు ఆడాలంటే ఏ తర్వాత సెలెక్ట్ నొక్కి స్టార్ట్ కొట్టాలి. అక్క క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో బాణం గుర్తులు వేసి పెట్టుకుంది. కజుహిసా హషిమోటో అనే జపాన్ ప్రోగ్రామర్ దాన్ని తయారు చేశాడని పెద్దయ్యాక తెలిసింది. 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంటి మిషన్ కోసం చేస్తున్నప్పుడు, పరీక్షించడానికి ఆడబోతే ఆ ఆట అతనికే మరీ కష్టంగా ఉందట. తన సౌకర్యం కోసం ఆ బటన్ల వరస పెట్టుకున్నాడు. 1988లో కాంట్రాలోనూ అదే వరస వచ్చింది. ఆయన 2020 ఫిబ్రవరిలో పోయాడు. వార్త చదివి అక్కకు ఫోన్ చేస్తే, కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆయన పుణ్యాన్నే గదరా మనం ఎనిమిదో స్టేజ్ చూసినం" అంది. ఇంటర్నెట్ లేదు, పత్రిక లేదు, ఇంట్లో ఫోన్ లేదు. నోటి మాటగా ఆ వరస ఒక్క బటన్ కూడా తప్పకుండా రామగిరి దాకా నడిచి వచ్చింది. నాకు దీనికంటే పెద్ద ఆశ్చర్యం లేదు.

కరెంటు గురించి చెప్పకుండా ఆ రోజుల గురించి మాట్లాడలేం. అందులో ఆట దాచుకునే వీలు లేదు. కరెంటు పోతే ఎంత దూరం పోయినా మళ్లీ మొదటి నుంచే. కోత టైము ప్రకారం ఉంటే మేమూ దాని ప్రకారం లెక్క వేసుకునేవాళ్లం. చెప్పకుండా పోయినప్పుడే గల్లీ మొత్తం ఒకేసారి అరుపు వినిపించేది. అరిచిన ఇళ్లను బట్టి ఎవరెవరి ఇంట్లో గేమ్ నడుస్తోందో తెలిసేది.

ఒకసారి లైట్లు బాగా వెలిగి, ఒక్కసారిగా మసకబారి, మళ్లీ వెలిగాయి. గేమ్ ఆగిపోయింది. అడాప్టర్ ముట్టుకుంటే చేయి కాలింది. గడియారం సెంటర్ వెనక రేడియోలు బాగుచేసే భాయ్ ఒకాయన ఉండేవాడు. నాయిన, నేను తీసుకుపోయాం. ఆయన అయిదు స్క్రూలు విప్పి మూత తీశాడు. నేను లోపల ఏదో పెద్ద యంత్రం ఉంటుందని అనుకున్నా. డబ్బా ముప్పావు వంతు ఖాళీ. ఒక మూలన అరచేతంత పచ్చ బోర్డు, దాని మధ్యలో గట్టిపడిన నల్లటి తారు బొట్టు ఒకటి. "ఇదేంది భాయ్?" అని నాయిన అడిగితే "అంతా ఇందులనే ఉంది సేఠ్, ఇది పోతే డబ్బా పారేసుడే. ఇది మంచిగనే ఉంది" అన్నాడు. మీటర్ పెట్టి చూసి, 7805 రెగ్యులేటర్ పోయిందని చెప్పాడు. అడాప్టర్ నుంచి వచ్చే తొమ్మిది వోల్టులను అయిదుకు తగ్గించి బోర్డుకు ఇచ్చే మూడు కాళ్ల ముక్క అది. సోల్డరింగ్ ఐరన్ కాల్చి, పాతది ఊడబీకి, ఏదో పాత రేడియోలోంచి తీసిన ఇంకొకటి అతికించాడు. రేకు ముక్క ఒకటి కత్తిరించి దానికి బిగించాడు, వేడి లాగేస్తుందని. దుకాణంలోనే టీవీకి తగిలించి చూపించాడు. పదో ఇరవయ్యో తీసుకున్నాడు. ఆయన బిగించిన ఆ రేకు ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ నల్ల బొట్టు కింద ఏముందో నాకు ఇంజనీరింగ్ చదివేటప్పుడు అర్థమైంది. 1975లో అమెరికాలో మాస్ టెక్నాలజీ అనే కంపెనీ 6502 అనే చిప్ తెచ్చింది. మిగతా కంపెనీల చిప్‌లు వంద డాలర్లు దాటి పలుకుతున్న రోజుల్లో దాన్ని 25 డాలర్లకు అమ్మారు. యాపిల్ టూ కంప్యూటర్ దాని మీదే నడిచింది. 1983 జులై 15న జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ అనే మిషన్ విడుదల చేసింది. మసయుకి ఉయెమురా దాని రూపకర్త. అందులో రికో కంపెనీ చేసిన చిప్‌కు ఆధారం ఈ 6502. వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకునే మెమరీ 2 కిలోబైట్లు. తర్వాత తైవాన్‌లో, చైనాలో ఆ మిషన్‌లోని విడివిడి చిప్‌లన్నిటినీ ఒకే చిప్‌లోకి కుదించారు. కవచం కూడా లేకుండా బోర్డు మీద నేరుగా అతికించి, పైన ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసేశారు. మెకానిక్ భాయ్ చూపించిన బొట్టు అదే. ధర నేలకు దిగింది అక్కడే. రష్యాలో అది డెండీ అయింది, పోలెండ్‌లో పెగాసస్ అయింది, మన దగ్గర మీడియా లాంటి పేర్లతో అమ్మారు. అసలు కంపెనీకి అందులో పైసా పోలేదు, అది తప్పే. కానీ అసలు కంపెనీ మా దాకా రాలేదన్నదీ నిజమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకునే నేను ఆ డబ్బాను ప్రేమిస్తాను.

మాలాంటి ఊళ్ల కోసమే మిషన్ చేయాలని తర్వాత పెద్ద కంపెనీలకు కూడా ఆలోచన వచ్చింది. క్వాల్‌కామ్, బ్రెజిల్‌కు చెందిన టెక్‌టాయ్ కలిసి జీబో అనే కన్సోల్, అంటే టీవీకి తగిలించే ఆటల మిషన్, చేశాయి. 2009లో బ్రెజిల్‌లో మొదలైంది. క్యాసెట్ ఉండదు, డిస్క్ ఉండదు, సెల్‌ఫోన్ నెట్‌వర్క్ మీద ఆటలు దిగుతాయి. 2011 కల్లా మూతపడింది. ఆ ఆలోచన చదివినప్పుడు నాకు మొదట తట్టింది టిఫిన్ బాక్సు కింద తువ్వాల్లో చుట్టిన పసుపు క్యాసెట్టే. ఇచ్చిపుచ్చుకునే వస్తువు ఏదీ లేకపోతే, ఒక ఇంట్లో కొన్న ఆట పది ఇళ్లకు ఎలా చేరుతుంది? కొనే డబ్బు తక్కువ ఉన్న చోట ఆట బతికేది అప్పు ఇవ్వడం మీదే.

ఆ 2009లోనే హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట చేసింది, ప్లేస్టేషన్ 2 కోసం. నల్గొండకు వంద కిలోమీటర్ల దూరంలో మనవాళ్లు ఒక కన్సోల్ ఆట చేశారని తెలిసి ఎంత సంతోషపడ్డానో. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నా. మా పచ్చ బోర్డు డబ్బా మీద తెలుగు అక్షరం ఒక్కటి కూడా ఎన్నడూ కనిపించలేదన్న వెలితి ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది.

రెండేళ్ల కింద నల్గొండ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద అట్టపెట్టె దొరికింది. నోట్‌బుక్ కూడా అందులోనే. అక్క ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్. ఆమె కూతురు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. ముగ్గురం కూర్చుని క్యాసెట్ పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచాం. ఈసారి ఎవరినీ ఊదనివ్వలేదు. కొత్త అడాప్టర్ కొన్నాం. ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తే మారియో వచ్చాడు, గన్ మాత్రం పనిచేయలేదు. కొత్త టీవీలు బొమ్మను లోపల సర్దుకుని కాస్త ఆలస్యంగా చూపిస్తాయి, గన్ చూసే క్షణానికి ఆ తెల్ల చతురస్రం ఇంకా తెర మీదికి వచ్చి ఉండదు. పాత సామాన్ల బండికి ఇవ్వడానికి బయట పెట్టిన ఈసీ టీవీని అక్క మళ్లీ లోపలికి తెప్పించింది. మీ ఇంట్లోనూ అలాంటి పాత టీవీ ఉంటే, గన్ ఉన్నంత కాలం దాన్ని దయచేసి ఇవ్వకండి.

మా మేనకోడలికి మబ్బు, పొద సంగతి అక్క చూపించింది. అప్పటి నుంచి ఆ పిల్ల ఆ చిప్‌ను వదలట్లేదు. 6502 చిప్‌కు నేరుగా ఆదేశాలు రాసే అసెంబ్లీ భాష నేర్చుకుని సొంతంగా ఒక ఆట మొదలుపెట్టింది. బతుకమ్మ పేర్చే ఆట: పైనుంచి పూలు పడుతుంటే తాంబాలంలో వరసలుగా పట్టుకోవాలి. ఇందులో ఒక్కో చిన్న గడికి వెనక రంగు కాక మూడే రంగులు వాడుకునే వీలుంది. మూడు రంగుల్లో బతుకమ్మ ఎలా అని నాకు ఫోన్ చేసింది. నాకు తోచలేదు. అక్క చెప్పింది: తంగేడుకు పసుపు, గునుగుకు తెలుపు, ఆకుకు పచ్చ, బంతిపూల వరస వచ్చిన గడుల్లో పసుపు తీసేసి నారింజ పెట్టు, పువ్వు బొమ్మ మాత్రం అదే ఉంచు.

ఇప్పుడు శబ్దం దగ్గర పని నడుస్తోంది. ఆ చిప్‌కు ఉన్నవి అయిదు ఛానళ్లు, అందులో ఒకటి ఉత్త గరగర శబ్దానిది, తుపాకీ మోతలకూ పేలుళ్లకూ వాడేది. దాన్ని చిన్నగా కత్తిరిస్తే చప్పట్లు బాగా వస్తున్నాయి. పాట వరస ఇంకా కుదరలేదు. "మామా, చప్పట్లు ఒక్క క్షణం లేటుగా పడుతున్నయి, అమ్మను చప్పట్లు కొట్టి రికార్డు చేసి పంపమను, లెక్క చూసుకుంట" అని నిన్న మెసేజ్ పెట్టింది. అక్క స్కూలు నుంచి రాగానే పంపాలి.